మిల్లు నీళ్లు, మన వడ్లు



పోయిన వారం ముగ్గురు ఫోన్ చేసి ఒకే మాట అడిగిన్రు. "అన్నా, మిల్లు మీద కాగితం పెడితే ఏమన్నా అయితదా? లేకపోతే మన వడ్లే కొనుడు బంద్ పెడతరా?" ఫోన్‌లో చెప్తే ఒడిసే ముచ్చట కాదు ఇది. అందుకే కూసొని రాస్తున్న. జర పొడుగైతది, ఓపికతో చదవండి.

మాది అనంతగిరి మండలం. అనంతగిరి అనంగనే కొందరు వికారాబాద్ గుట్టలనుకుంటరు, ఇంకొందరు అరకు దారి అనుకుంటరు. ఆ రెండూ కాదు. కోదాడ పక్కన మాది. 2016లో సూర్యాపేట జిల్లా అయినప్పుడు కొత్తగా ఏర్పడ్డ మండలం. ఈ చుట్టుపక్కల ఏ రైతును అడిగినా వరే. వరి ఉన్నకాడ మిల్లు ఉంటది. మిర్యాలగూడ సంగతి మీకు చెప్పే పని లేదు, సన్న వడ్లు కోసినప్పుడు ఆ రోడ్ల మీద ట్రాక్టర్ల లైన్ మనందరం చూసిందే.

మా పొలానికి పైపక్కన కూడా ఒక బాయిల్డ్ మిల్లు ఉంది. పేరు రాయను. నా పంచాయితీ పేరుతోని కాదు.

ఉప్పుడు బియ్యం ఎట్ల చేస్తరో తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు. వడ్లను తొట్లల్ల వేడినీళ్లు పోసి కొన్ని గంటలు నానబెడతరు. తర్వాత ఆవిరి పట్టి, ఆరబెట్టి, మర ఆడిస్తరు. నానబెట్టిన నీళ్లు పారబోయాలె. కిలో వడ్లకు సుమారు లీటరు దాకా నీళ్లు పడతయి. రోజుకు యాభై టన్నులు నానబెట్టే మిల్లు ఉంటే యాభై వేల లీటర్లు అన్నట్టు. ఆ నీళ్లల్ల విషం ఏమీ ఉండదు, వడ్ల నుంచి దిగిన పిండి, చక్కెర, చెత్త ఉంటది. అందుకే కొందరు "తిండి గింజలు కడిగిన నీళ్లే కదా, ఏమైతది" అంటరు. కానీ ఆ నీళ్లు ఒకకాడ నిలిస్తే పులుస్తయి. నీళ్లల్ల ఉన్న గాలినంతా క్రిములు తినేస్తయి. అప్పుడు చేపలకు ఊపిరాడదు, వరి వేరుకూ ఆడదు. దీన్ని కొలిచే లెక్కను బీఓడీ అంటరు. వాగులకు, చెరువులకు వదిలే నీళ్లల్ల అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటొద్దు, సాగుకు భూమి మీదికి వదిలితే 100 దాటొద్దు అని దేశమంతటికీ ఉన్న సాధారణ రూలు. నానబెట్టిన తొట్టి నుంచి నేరుగా వదిలిన నీళ్లు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటయి.

మా కాడ ఏమైందంటే, ఒక యాసంగిల నా నారుమడి మొత్తం పసుపు పచ్చగైంది. జింకు లోపం అనుకొని జింకు కొట్టిన. తగ్గలే. పీకి చూస్తే వేర్లు నల్లగ, కుళ్లిన వాసన. అదే వారం మా కుంటల చేపలు తెల్లగ తేలినయి. గాలి ఇటు మళ్లితే బాయిలర్ల కాల్చిన ఊక బూడిద మిరప ఆకుల మీద నల్లగ పడేది. మా ఇంటామె ఆరేసిన బట్టలు మళ్లీ ఉతికేది. "నువ్వు ఊరందరికి నీతులు చెప్తవు, ఇంటి ముందటి బూడిద సంగతి చెప్పరాదా" అన్నది ఒకనాడు. ఆ మాట గట్టిగ తాకింది.

అయినా నోరు లేవలే. ఎందుకంటే మీకు తెలుసు. నా వడ్లు పోయేది ఆ మిల్లుకే. మా అన్న కొడుకు ఆడ బాయిలర్ కాడ పని చేస్తడు. మా ఊరి నుంచి ఇరవై మంది హమాలీలు, ఊడ్చే ఆడోళ్లు ఆడ బతుకుతున్నరు. ముత్యాలమ్మ పండుగకు సేటు చందా ఇస్తడు. ఊర్ల కూసొని మాట్లాడితే పెద్దమనుషులు ఒక్కటే అన్నరు: "మిల్లు మూసుకుంటే వడ్లు నెత్తిన పెట్టుకొని యాడికి పోతవురా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె.

కానీ రెండో కారు కూడా నారు పోయినంక, పధ్నాలుగు మందిమి సంతకాలు పెట్టి ఒక ఆఫీసుల కాగితం ఇచ్చినం. "మా పొలాలు పాడైతున్నయి, మిల్లు మీద చర్య తీసుకొని న్యాయం చేయగలరు." అంతే. ఆ కాగితం మూడు నెలలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయింది. మాకు కోపం వచ్చింది. తర్వాత ఒక వ్యవసాయ అధికారి ఎదురుపడితే ఆయనకు చూపెట్టిన. ఆయన చదివి నవ్విండు. "పెద్దాయనా, ఇందుల ఏముంది? ఏ మిల్లు, ఏ సర్వే నంబర్, ఏ రోజు, ఏ కాలువ? వాళ్లకు ఇచ్చిన అనుమతిల ఏ షరతు తప్పిన్రు? ఇది ఏడుపు, ఫిర్యాదు కాదు" అన్నడు.

సిగ్గనిపించింది. కానీ ఆ రోజు నుంచే నేర్చుకున్న. నేర్చుకున్నది మీకు చెప్తున్న.

మనం అనుకుంటం, మిల్లుకు పంచాయతీ తీర్మానం, కరెంటు కనెక్షన్ ఉంటే చాలు అని. కాదు. కాలుష్యం వచ్చే ఏ ఫ్యాక్టరీ అయినా రెండు అనుమతులు తీసుకోవాలె. కట్టక ముందు ఒకటి, దాన్ని సీఎఫ్ఈ అంటరు. కట్టినంక నడిపేటందుకు ఇంకొకటి, దాన్ని సీఎఫ్ఓ అంటరు. ఇచ్చేది కాలుష్య నియంత్రణ మండలి, మనం పీసీబీ అంటం. నీళ్లకు 1974 చట్టం, గాలికి 1981 చట్టం. రాష్ట్రం విడిపోయినంక 2014ల తెలంగాణకు వేరే మండలి వచ్చింది. హైదరాబాద్ సనత్‌నగర్‌ల పెద్దాఫీసు, నల్గొండల ప్రాంతీయ ఆఫీసు ఉన్నయి. ఫ్యాక్టరీలను కాలుష్యాన్ని బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు లాంటి రంగులకింద పెట్టిన్రు. మన మేళ్లచెరువు, మఠంపల్లి దిక్కు ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు ఎరుపుల ఉంటయి.

నడిపేటందుకు ఇచ్చే ఆ సీఎఫ్ఓ కాగితమే అసలు సంగతి. అందుల రోజుకు ఎన్ని టన్నులు ఆడించాలె, ఎన్ని నీళ్లు వాడాలె, వాడిన నీళ్లు యాడికి పోవాలె, పొగగొట్టం ఎంత ఎత్తు, బూడిద ఏం చేయాలె, అన్నీ షరతులు రాసి ఉంటయి. గడువు తేదీ ఉంటది. గడువు అయిపోతే మళ్లీ తీసుకోవాలె. ఒక్కసారి ఇచ్చిన్రంటే అయిపోయినట్టు కాదు, మండలి ఆ షరతులను మళ్లీ చూడొచ్చు, మార్చొచ్చు, అనుమతి రద్దు కూడా చేయొచ్చు. ఇంకొక సంగతి, ఫ్యాక్టరీ దరఖాస్తు పెట్టుకున్నంక 4 నెలల్ల మండలి ఇస్తమనో, ఇయ్యమనో చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని నీళ్ల చట్టంల ఉంది. అందుకని కొత్తగ మిల్లు వస్తుందని తెలిసినప్పుడే మన అభ్యంతరం రాసి పంపాలె. గోడలు లేచినంక మొత్తుకుంటే ఆలస్యమే.

ఆ కాగితం మనం చూడొచ్చా? చూడొచ్చు. ఇచ్చిన అనుమతుల షరతులన్నీ మండలి ఒక రిజిస్టర్‌ల రాసి పెట్టాలె, ఆ నీళ్లతోని బాధపడేటోళ్లు ఎవరైనా పోయి చూడొచ్చు అని అదే చట్టం 25వ సెక్షన్‌ల ఉంది. పోలేకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు, ఫీజు 10 రూపాయలు, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. నేను అట్లనే అడిగిన. కాగితం చేతికొచ్చిన రోజు చేతులు వణికినయి. అందుల సాఫ్‌గ రాసి ఉంది: నానబెట్టిన నీళ్లు శుద్ధి చేసి సొంత జాగల చెట్లకే పెట్టుకోవాలె, బయటికి చుక్క కూడా వదలొద్దు. ఊక బూడిద మూసిన షెడ్డుల ఉంచాలె. అంటే మేం పోయి దయతలచండి అని అడిగే పని లేకుండె. సేటే సంతకం పెట్టి ఒప్పుకున్న మాట అది.

అప్పుడు మా పధ్నాలుగు మందిల ముగ్గురం ఒక నోట్‌బుక్ పెట్టుకున్నం. తేదీ, టైమ్, నీళ్ల రంగు, వాసన, ఏ మోరీ నుంచి వస్తుంది. సెల్ ఫోన్‌ల ఫొటో. నీళ్లు ఎక్కువ రాత్రి పదకొండు దాటినంకనే వస్తున్నయని అప్పుడు తెలిసింది. నలభై రోజులు రాసినం. రెండో ఫిర్యాదు ఒక పేజీ. అనుమతి నంబర్, అందుల ఏ షరతు, ఏయే తేదీలల్ల తప్పింది, సర్వే నంబర్లు, ఫొటోలు. తిట్లు లేవు, ఏడుపు లేదు.

ఈసారి తనిఖీకి వచ్చిన్రు. నేను తెలివైనోని లెక్క ముందురోజు పట్టిన నీళ్లు బిస్లెరీ సీసాల తీసుకపోయి ఇచ్చిన. వచ్చిన ఆయన మర్యాదగనే చెప్పిండు: "ఇది మాకు దారి చూపెడతది, కానీ కోర్టుల చెల్లదు." చట్టంల పద్ధతి ఉంది. అధికారి అక్కడికక్కడ మిల్లు మనిషికి నోటీసు ఇచ్చి, ఆయన ముందటనే నీళ్లు పట్టాలె. దాన్ని రెండు పాళ్లు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలె. అప్పుడే ఆ లెక్క నిలుస్తది. అట్లనే పట్టిన్రు. మేం చెప్పిన మోరీ కాడనే పట్టిన్రు, ఎందుకంటే మా నోట్‌బుక్‌ల ఉంది అదే.

లోపల చూస్తే శుద్ధి తొట్టి ఉంది. కట్టిన్రు. కానీ దాని మోటర్లు నడవట్లే. కరెంటు బిల్లు మిగలబెట్టుకునేందుకు బంద్ పెట్టిన్రు. తొట్టి అడుగున గడ్డి మొలిచింది. ఇది నాకు పెద్ద పాఠం. మెషిన్ ఉందా అని కాదు, నడుస్తుందా అని అడగాలె. 2017 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. శుద్ధి ప్లాంటు పనిచేస్తేనే ఫ్యాక్టరీ నడవాలె, లేకపోతే కరెంటు ఆపాలె అని. నీళ్ల చట్టం 33ఏ సెక్షన్ కింద మండలికి ఆ అధికారం ఉంది, మూయమనొచ్చు, కరెంటు, నీళ్లు ఆపమనొచ్చు.

మూయించుడు మాకు వద్దనే చెప్పినం. నిజంగ చెప్పినం. మా అన్న కొడుకు ముందురోజు రాత్రి మా ఇంటికొచ్చి, "బాబాయ్, నా పని పోతే నువ్వు అన్నం పెడతవా?" అని అడిగి ఏడ్చిండు. వాని ముఖం నాకు ఇప్పటికీ యాదికొస్తది. వానికి నేను చెప్పింది ఒక్కటే: "నీ సేటు రోజూ రెండు గంటలు మోటర్ నడిపితే నీ పనీ ఉంటది, నా నారూ ఉంటది. ఆ రెండు గంటల కరెంటు బిల్లు నా మడి మీద ఎందుకు రాయాలె?"

మిల్లుకు నోటీసు వచ్చింది. మోటర్లు నడిచినయి. ఇంకో తొట్టి తవ్విన్రు, బూడిద మీద రేకులు వేసిన్రు. అంతా బాగైందని చెప్పను. గాలి గట్టిగ వస్తే బూడిద ఇప్పటికీ కొంత పడతది. వానాకాలంల ఒకసారి మళ్లీ వాసన వచ్చింది, నోట్‌బుక్ తీసినం, సేటుకు ఫోన్ చేసినం, రెండు రోజులల్ల ఆగింది. నా నారుమడి రెండు కార్ల నుంచి పచ్చగనే ఉంది. కుంటల పిల్ల చేపలు కనబడుతున్నయి.

మరి వడ్లు కొన్నరా? ఇదే కదా మీరు అడిగింది. ఆ యాసంగిల ట్రాక్టర్ తీసుకొని గేటు కాడికి పోయినప్పుడు గుండె దడదడలాడింది. కొన్నరు. తేమ చూసిన్రు, తరుగు అందరికి తీసినట్టే తీసిన్రు. కానీ ఆనాడు నన్ను మిగతా వాళ్లకంటే రెండు గంటలు ఎక్కువ నిలబెట్టినట్టు అనిపించింది. అది నిజమో, నా భయమో ఇప్పటికీ తెల్వదు. అందుకే ఒక్కరి పేరు మీద కాగితం పెట్టకండి. పధ్నాలుగు ట్రాక్టర్లను గేటు బయట నిలబెడితే సేటుకే నష్టం. ఒక్క ట్రాక్టర్ను నిలబెడితే ఎవరికీ తెల్వదు.

ఆలస్యం చేస్తే ఏమైతదో పటాన్‌చెరు చూడండి. ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగుల కలిసి, ఆ వాగు కింది ఊర్ల పొలాలు, బావులు పాడైనయి. 1990ల సుప్రీంకోర్టుకు పోయిన కేసు, 2001ల హైకోర్టుకు, 2013ల గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి, 2017 అక్టోబర్‌ల తీర్పు వచ్చింది. 27 ఏండ్లు. కేసు మొదలైనప్పుడు పుట్టిన పిల్లగాడు తీర్పు నాటికి తండ్రి అయ్యుంటడు. ఒకసారి ఊటల దిగిన కాలుష్యం కోర్టు ఆర్డర్‌తోని పోదు.

ఇంకొక కేసు కూడా యాదుంచుకోండి. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌ల, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపట ఒక నూనె ఫ్యాక్టరీ పెడతమంటే పీసీబీ కుదరదన్నది. కథ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999ల కోర్టు ఏమన్నదంటే, ప్రమాదం లేదని చూపెట్టాల్సింది ఫ్యాక్టరీ పెట్టేటోడే, ప్రమాదం ఉందని జనం రుజువు చేయాల్సిన పని లేదని. మనకు ల్యాబ్‌లు లేవు, సైంటిస్టులు లేరు. ఆ మాట మనలాంటోళ్ల కోసమే అన్నట్టుంది.

సిమెంటు ఫ్యాక్టరీ, గనులు లాంటి పెద్దవైతే ఇంకో దారి ఉంది. 2006 నోటిఫికేషన్ కింద అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె. 30 రోజుల ముందు పేపర్ల ప్రకటన ఇయ్యాలె, రిపోర్టు సారాంశం తెలుగుల ఉండాలె, వీడియో తీయాలె. ఎంతమంది రావాలన్న లెక్క లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. కాబట్టి నాట్లున్నయి, కోతలున్నయి అని మనం పోకపోతే, షామియానా కింద బిర్యానీ తిన్నోళ్లు చెప్పిందే ఊరి మాట అయితది.

ఇప్పుడు ఒక చేదు ముచ్చట. మా మేనల్లుడు న్యూజీలాండ్‌ల పాల డెయిరీల పని చేస్తడు. ఈ కథంతా ఫోన్‌ల గొప్పగ చెప్తే వాడు నవ్విండు. ఆడ ప్రాంతీయ కౌన్సిళ్లు అని ఉంటయట, ఒక్కో నదీ ప్రాంతానికి ఒకటి, జనం ఓట్లేసి ఎన్నుకున్నవి. 1991 చట్టం కింద నీళ్లు తోడేందుకైనా, వాగుల వదిలేందుకైనా అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది అవే. ఆ తనిఖీ ఖర్చు కూడా అనుమతి తీసుకున్నోని దగ్గరే వసూలు చేస్తయి. "కానీ మామయ్యా, ఈడ ఎక్కువ తనిఖీలు ఫ్యాక్టరీలకు కాదు, రైతులకే. పేడ నీళ్లు కాలువల పడితే రైతుకే జరిమానా. సెకనుకు 5 లీటర్లు, అంతకంటే ఎక్కువ తోడే అనుమతి ఉంటే మీటర్ పెట్టాల్సిందే" అన్నడు.

నేను కొద్దిసేపు మాట్లాడలే. మనకూ వాల్టా చట్టం ఉంది, 2002 నుంచి. బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలె. మనల ఎంతమందిమి తీసుకున్నం? హార్వెస్టర్ పోయినంక గడ్డికి అగ్గి పెడతం, ఆ పొగ ఎవరి ఇంట్లకు పోతది? మందు కొట్టినంక డబ్బాలు, పంపు యాడ కడుగుతున్నం? మిల్లు నీళ్లతో చేపలు చచ్చినయని మొత్తుకున్న నేను, పోయినేడు గుళికల సంచి అదే కుంట గట్టు మీద పడేసిన. సేటు మోటర్ ఎందుకు బంద్ పెట్టిండో నేను బోరు అనుమతి ఎందుకు తీసుకోలేదో, రెండింటికి జవాబు ఒక్కటే. ఎవరూ చూస్తలేరని.

అందుకని ఈ కారు నుంచి మా పధ్నాలుగు మందిమి గడ్డి కాల్చొద్దని అనుకున్నం. మందు డబ్బాలు ఒక గోనె సంచిల వేస్తున్నం. అందరూ మాట మీద నిలబడ్డరని చెప్పను, ఇద్దరు కాల్చిన్రు. కానీ సేటు ముందట నిలబడి మాట్లాడేటప్పుడు ఇప్పుడు నా గొంతు కొంచెం గట్టిగ వస్తుంది.

చివరికి చెప్పేది ఇదే. కాగితం పెట్టే ముందు వాళ్ల అనుమతి కాగితం చదవండి. నలభై రోజులు రాయండి. గుంపుగ సంతకాలు పెట్టండి. మూయించమని కాదు, ఒప్పుకున్న మాట నిలబెట్టుకోమని అడగండి. పని చేసేటోళ్ల ఇండ్లల్ల ముందే మాట్లాడండి, లేకపోతే అన్నదమ్ముల మధ్యనే నిప్పు పడతది. అంతా చేసినా జవాబు రాకపోతే, 60 రోజుల నోటీసు ఇచ్చి రైతే నేరుగా కోర్టుకు పోవచ్చని నీళ్ల చట్టం 49వ సెక్షన్‌ల ఉంది. ఆ దాకా పోకుండానే అయితే మంచిది.

మీ ఊరి మోరీ నుంచి ఏ రంగు నీళ్లు వస్తున్నయో ఈ రాత్రి పదకొండు గంటలకు ఒకసారి పోయి చూడండి. టార్చ్ లైట్, చేతికర్ర తీసుకపోండి, పాములుంటయి.

ఇక ఉంటా. నారు నీళ్లు చూసుకోవాలె.